బస్సు కాగితం

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో విశ్వవిద్యాలయాల మధ్య అఖిల భారత అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మహిళల వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున పరిగెత్తిన విశాఖపట్నం అమ్మాయి యర్రాజి జ్యోతి 13.03 సెకన్లలో గీత దాటింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పింది. పదిహేడేళ్లకు పైగా ఎవరూ కదపలేని అంకెని ఒక యూనివర్సిటీ అమ్మాయి సెకనులో మూడో వంతు తేడాతో చెరిపేసింది.

చెరిపేసిందని చూసినవాళ్లు అనుకున్నారు. రికార్డుల పుస్తకం అనుకోలేదు. ఆ పోటీల్లో ఆమెకి డోపింగ్ పరీక్ష జరగలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య తరఫున ఉండాల్సిన సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. కాబట్టి లెక్కలోకి రాదన్నారు. ఆ తర్వాత 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09కి పరిగెత్తితే వెనక నుంచి వీచిన గాలి ఉండాల్సినదానికంటే సెకనుకి 0.1 మీటరు ఎక్కువైంది. అదీ పోయింది. చివరికి 2022 మేలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23కి పరిగెత్తితే అప్పుడు రికార్డు ఆమె పేర ఎక్కింది. అంటే విద్యార్థినిగా తను పరిగెత్తిన దానికంటే నెమ్మదిగా పరిగెత్తిన రోజున.

గాలి సంగతి వదిలేద్దాం, దాన్ని ఎవరూ ఏమీ అనలేం. మూడబిద్రి సంగతే నన్ను వదల్లేదు. అక్కడ ఆ పిల్ల చెయ్యాల్సిన పనిలో లోటేమీ లేదు. కోచ్ పనిలో లోటు లేదు. రావాల్సిన ఒక మనిషి రాలేదు, జరగాల్సిన ఒక పరీక్ష జరగలేదు. ఎవరో ఎవరికో ఒక ఉత్తరం ముందుగా రాసి, దానికి జవాబు తెప్పించుకుని ఉంటే సరిపోయేది. రెండేళ్ల నాలుగు నెలలు ఆ ఉత్తరం ఖరీదు.

మీలో చాలామందికి ఇది చిన్న విషయంలా తోచవచ్చు. నాకు తోచదు. ఎందుకంటే నేను బతుకుతున్నది అలాంటి ఉత్తరాలు రాసే ఉద్యోగంలో. మస్కట్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో విద్యార్థి వ్యవహారాల విభాగంలో పనిచేస్తాను. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. నా బల్ల మీదున్న ఫైళ్లలో ఒకటి అమ్మాయిల ఆటలది. నాకు బంతి పట్టుకోవడం రాదు. పరుగు గురించి నాకు తెలిసిందల్లా బస్సు వెనక పరిగెత్తడమే. కానీ ఎనిమిదేళ్లుగా ఎవరు ఆడాలో, ఎక్కడ ఆడాలో, ఎన్నింటికి ఆడాలో, ఏ బస్సులో వెళ్లి ఏ బస్సులో రావాలో ఆ కాగితాలన్నీ నా చేతుల మీదుగానే పోతున్నాయి.

ఇంగ్లీషులో వీళ్లని అడ్మినిస్ట్రేటర్లు అంటారు. పరిపాలకులు అని తెలుగులో రాస్తే గజపతులో రెడ్డిరాజులో గుర్తొస్తారు. మన కాలేజీల్లో దీనికి ఒకటే మాట, ఆఫీసు. 'ఆఫీసులో కాగితం ఆగిపోయింది' అంటాం. ఆ ఆఫీసుకి మొహం ఉండదు. ఆట గురించి రాసేవాళ్లు ఆటగత్తె గురించి రాస్తారు, కోచ్ గురించి రాస్తారు, తల్లిదండ్రుల త్యాగాల గురించి కళ్లనీళ్లతో రాస్తారు. ఆఫీసు గురించి ఎవరూ రాయరు, స్కాము జరిగితే తప్ప. అందుకే ఈ నాలుగు ముక్కలూ.

ఈ దేశం సంగతి కొంచెం చెప్పాలి. 1970లో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కే నాటికి ఒమాన్ మొత్తానికి మూడంటే మూడు బడులు. అందులో చదివేది సుమారు తొమ్మిది వందల మంది, అందరూ మగపిల్లలు. ఆడపిల్లకి బడే లేదు. ఇక ఆటల మాటెక్కడ? పదహారేళ్లు తిరిగేసరికి, 1986లో, మస్కట్ శివార్లలో అల్ ఖౌద్ దగ్గర సుల్తాన్ కాబూస్ విశ్వవిద్యాలయం మొదలైంది. మొదటి రోజు నుంచీ అమ్మాయిలూ అబ్బాయిలూ ఇద్దరూ ఉన్నారు. అయితే దారులు వేరు. అమ్మాయిలు నడిచే వరండాలు పైన, అబ్బాయిలవి కింద. కొత్తగా వచ్చినప్పుడు అది చూసి నాకు కోపం వచ్చింది. తర్వాత మా కాలేజీలో చదివే ఒక అమ్మాయి తల్లి నాతో అంది, 'ఆ పై దారి లేకపోతే మా నాన్న నన్ను పంపేవాడు కాదు' అని. ఆవిడ ఇప్పుడు స్కూల్లో లెక్కలు చెబుతోంది. అప్పటినుంచి నా కోపం పూర్తిగా పోలేదు గానీ దాని ఆకారం మారింది.

ఆ విశ్వవిద్యాలయంలోనే 2008 ఫిబ్రవరిలో ఒక సమావేశం జరిగింది. బాలికల, స్త్రీల వ్యాయామవిద్య, క్రీడల కోసం పనిచేసే అంతర్జాతీయ సంఘం ఒకటుంది. వాళ్లు వివిధ దేశాలనుంచి వచ్చి, ముస్లిం స్త్రీలు ఆటల్లోకి రావడానికి ఏది అడ్డమో మాట్లాడుకుని, చివర్లో ఒక ప్రకటన చేశారు. 'అంగీకరించండి, గౌరవించండి' అని దాని పేరుకి అర్థం. ఒక్క పేజీ కాగితం. అందులో చాలామందికి గుర్తున్నది దుస్తుల సంగతి. ఎవరు ఏ బట్టలతో ఆడతారో, ఏ ఆట ఎంచుకుంటారో, మగవాళ్లతో కలిసి ఆడతారో విడిగా ఆడతారో అది వాళ్ల ఇష్టం, విద్యలోనూ క్రీడల్లోనూ పనిచేసేవాళ్లు ఆ ఇష్టాన్ని ఒప్పుకుని గౌరవించాలి అని. నాకు మాత్రం దానిలో చివరి సిఫార్సు ముఖ్యం. బోధనలో, పరిశోధనలో, శిక్షణలో, పాలనలో, నాయకత్వంలో స్త్రీలు వచ్చేలా ప్రభుత్వాలు ఏర్పాట్లు చెయ్యాలి అని. పాలన అన్నమాట అక్కడ ఉంది. అది రాసినవాళ్లకి ఆఫీసు అంటే ఏమిటో తెలుసు.

అదే ఏడాది ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో బుథైనా అల్ యాకూబీ వంద మీటర్లు పరిగెత్తింది. ఒమాన్ నుంచి ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి స్త్రీ. పదిహేడేళ్ల పిల్ల. తన హీట్‌లో ఆఖరున వచ్చింది. నాకు తెలిసిన ఒమానీ ఆడవాళ్లెవరికీ ఆ ఆఖరు గుర్తులేదు, ఆమె పేరు గుర్తుంది. తర్వాత లండన్‌కి షినూనా అల్ హబ్సీ, రియోకీ తోక్యోకీ మజూన్ అల్ అలవీ వెళ్లారు. రియోలో తుపాకీ పట్టుకుని వధా అల్ బలూషీ కూడా.

ఆ అంతర్జాతీయ సంఘం పుట్టిన కథ తెలుసుకున్నప్పుడు నేను కాసేపు నవ్వుకున్నాను. 1949లో కోపెన్‌హాగన్‌లో దాన్ని మొదలుపెట్టినావిడ డరోతీ ఐన్స్‌వర్త్. ఆవిడ ఆటగత్తెగా కాదు, అమెరికాలో స్మిత్ కాలేజీ అనే ఆడపిల్లల కాలేజీలో వ్యాయామవిద్యకి అధికారిణిగా పేరు పొందింది. మన భాషలో పీడీ గారు. అదే స్మిత్ కాలేజీలో 1893 మార్చిలో సెండా బెరెన్సన్ అనే టీచరు, అప్పటికి ఏడాదిన్నర వయసు కూడా లేని బాస్కెట్‌బాల్ ఆటని తన విద్యార్థినులతో ఆడించింది. కాలేజీ ఆడపిల్లలు ఆడిన మొదటి బాస్కెట్‌బాల్ పోటీగా దాన్ని చెబుతారు. చూడడానికి మగవాళ్లని రానివ్వలేదు. తలుపులు మూసి ఆడించారు. ఇప్పుడు మస్కట్‌లో మా జిమ్ కిటికీలకి అంటించిన తెల్ల కాగితం చూసి ఎవరైనా పెదవి విరిస్తే నేను వాళ్లకి మసాచుసెట్స్ కథ చెబుతాను. తలుపు మూసి మొదలుపెట్టడం తప్పు కాదు. మూసిన తలుపు ఎప్పుడు ఎవరు తెరుస్తారన్నదే లెక్క.

ఇంతకీ ఆఫీసు చేసే పని ఏమిటి?

ఒక వాలీబాల్ పోటీకి అమ్మాయిల జట్టు వెళ్లాలంటే మా దగ్గర ఉండాల్సిన కాగితాలు చెబుతాను, వినండి. ప్రతి అమ్మాయి ఇంటినుంచీ 'వలీ అమ్ర్' సంతకం, అంటే తండ్రో అన్నో భర్తో ఒప్పుకున్నట్టు. క్లాసులు పోతాయి కనుక ఆయా లెక్చరర్ల సంతకాలు. హాస్టల్లో ఉండే అమ్మాయిలకి వార్డెన్ సంతకం. బస్సు కోసం ట్రాన్స్‌పోర్టు వాళ్లకి ఒక కాగితం. జట్టు వెంట వెళ్లే ఆడమనిషి, ఇక్కడ 'ముష్రిఫా' అంటారు, ఆవిడ అదనపు గంటలకి అకౌంట్స్ వాళ్ల ఒప్పుదల. అవతలి కాలేజీ నుంచి, హాల్లో మగ అంపైర్లు ఉంటారా లేదా, ఫోటోలు తీస్తారా లేదా అని రాతపూర్వకంగా జవాబు. ఈ ఫోటోల సంగతి బయటివాళ్లకి అర్థం కాదు. గెలిచిన జట్టు ఫోటో కాలేజీ పేజీలో పెడితే ఒక అమ్మాయి ఆనందంతో నలభైమందికి పంపుతుంది, పక్కనున్న అమ్మాయిని ఇంట్లో ఆటే మానిపిస్తారు. అందుకని ఫోటోకి విడిగా సంతకం. మగపిల్లల జట్టుకి ఇందులో రెండు కాగితాలు చాలు.

ఇవన్నీ అవసరమా అంటే కొన్ని అవసరం, కొన్ని కాదు. ఏవి అవసరమో ఏవి కాదో నిర్ణయించే కుర్చీలో ఎవరున్నారన్నదే ప్రశ్న.

కొన్నేళ్ల కిందట మా జట్టు నిజ్వాలో ఒక పోటీకి వెళ్లాల్సి వచ్చింది. మస్కట్ నుంచి కొండల మధ్యగా రెండు గంటల లోపు దారి. అన్ని కాగితాలూ సిద్ధం. ముందురోజు మధ్యాహ్నం అకౌంట్స్ నుంచి ఫైలు తిరిగొచ్చింది. ముష్రిఫా అదనపు గంటలకి పదిహేను రియాళ్లు, ఏ పద్దు కింద రాయాలో తెలియడం లేదట. ఆటల పద్దులో మనుషుల జీతాలు రాయకూడదు. హాస్టల్ పద్దులో ఆటలు రాయకూడదు. అడిగితే 'బుక్రా' అన్నారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఆ మాట అర్థం చెప్పనక్కర్లేదు. రేపు అని నిఘంటువులో ఉంటుంది.

మర్నాడు పొద్దున ఆరున్నరకి పదిమంది పిల్లలు అబాయాల కింద జెర్సీలు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. బస్సు ఉంది. డ్రైవరు మనవాడే, రాయచోటి వైపు. ఇంజను ఆన్ చేసి ఏసీ వేసి కూర్చున్నాడు. 'అక్కా, కాగితం ఒక్కటి చెయ్యిలో పెట్టు, తొమ్మిదికల్లా నిజ్వాలో దింపుతా' అన్నాడు. కాగితం లేదు. ఎనిమిదిన్నరకి ఇంజను ఆపేశాడు. పిల్లల్లో ఒకమ్మాయి, బాతినా తీరంలోని ఒక ఊరి అమ్మాయి, ఆఖరి సంవత్సరం, జట్టులో అందరికంటే ఎత్తు, నన్ను మర్యాదగానే అడిగింది. 'మిస్, అబ్బాయిల బస్సుకి ముష్రిఫా అక్కర్లేదు కదా. మరి మాకోసం ఆవిడని పెట్టింది మీరే, ఆవిడ లేదని ఆపిందీ మీరే. మేమేం చెయ్యాలి?'

ఆ 'మీరు' నేను కాదని ఆమెకీ తెలుసు. ఆఫీసుకి మొహం ఉండదన్నాను కదా, ఆ పూట నా మొహం వాడుకున్నారు.

ఆ తర్వాతి సెప్టెంబరులో మా విభాగానికి కొత్త ముదీరా వచ్చింది. ఒమానీ ఆవిడ, నలుగురు పిల్లల తల్లి, తను ఎప్పుడూ ఏ ఆటా ఆడలేదట. మొదటి వారంలో పాత ఫైళ్లన్నీ తెప్పించుకుని చదివింది. నిజ్వా ఫైలు దగ్గర ఆగి, కరక్ చాయ్ చల్లారిపోయేదాకా చూసి, నన్నొక్కటే అడిగింది, ఏడాదికి ఎన్ని ప్రయాణాలు ఉంటాయి అని. ఆరు అన్నాను. కొత్త ఏడాది బడ్జెట్లో 'విద్యార్థినుల ప్రయాణ పర్యవేక్షణ' అని ఒక కొత్త గీత గీసి, ఆరు ప్రయాణాల డబ్బు ముందే రాయించింది. సెప్టెంబరులోనే తండ్రుల సంతకాలు ఏడాది మొత్తానికీ ఒకేసారి తీసుకోమంది. ఇద్దరు ముగ్గురు తండ్రులకి తనే ఫోన్ చేసింది. ఆ అరబ్బీ మాటల్లో నాకు సగమే అర్థమైంది. ఆట గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరి అత్తగారిది ఏ ఊరు, ఎవరి తాత ఎవరికి బంధువు, ఇదే. చివర్లో సంతకం వస్తుంది.

అంతే. ఉపన్యాసం లేదు, మహిళా సాధికారత మీద బ్యానరు లేదు. ఆ ఏడాది ఆరింటికీ బస్సు కదిలింది.

దీన్నిబట్టి ఆడవాళ్లు కుర్చీలో కూర్చుంటే చాలు, అన్నీ చక్కబడతాయని నేను అనడం లేదు. అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నదీ ఆడమనిషే. ఆవిడకి పిల్లల భద్రత అంటే ఎంత శ్రద్ధంటే, ఎక్కడికీ పంపకపోవడమే భద్రత అని నమ్మేది. మన వైపు కూడా ఇలాంటి ప్రిన్సిపాళ్లని మీరు చూసే ఉంటారు. 'ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత?' అన్న ప్రశ్నకి జవాబు లేక ఎంతమంది పిల్లల ఆట ఆగిపోయిందో.

నేను గుంటూరు జిల్లాలో ఒక మహిళా డిగ్రీ కాలేజీలో చదివాను. నా గది సహవాసి కబడ్డీ ఆడేది. ఫీజులో ఏటా గేమ్స్ ఫీజు కట్టేవాళ్లం, రసీదు మీద ఉండేది. గ్రౌండు ఉండేది, దానిలో సగం స్కూటర్ల స్టాండు. పీడీ పోస్టు ఖాళీగా ఉండేది. వృక్షశాస్త్రం మేడమ్‌కి ఆ బాధ్యత అదనంగా ఇచ్చారు. పాపం ఆవిడ మంచిది, యూనివర్సిటీ పోటీలకి పిల్లల్ని తన చేతి డబ్బుతో తీసుకెళ్లి, టీఏ డీఏ బిల్లు కోసం ఏడాదంతా తిరిగేది. రిజర్వేషన్ లేకుండా జనరల్ బోగీలో వెళ్లిన కథలు నా స్నేహితురాలు నవ్వుతూ చెప్పేది. తిరిగొచ్చాక హాజరు తక్కువైందని పరీక్ష ఫీజు దగ్గర అపరాధ రుసుం కట్టించుకున్నారు. కాలేజీ తరఫున ఆడటానికి వెళ్లినందుకు కాలేజీకే కట్టింది. ఆ తర్వాతి ఏడాది ఆమె ఆడలేదు.

మన దగ్గర దీనికి వ్యతిరేకమైన ఉదాహరణలూ ఉన్నాయి. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిందంటే, ఆ పిల్ల ధైర్యమూ కోచ్ శేఖర్‌బాబు శిక్షణా ఎంత నిజమో, సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న ప్రవీణ్‌కుమార్ అనే అధికారి ఒక ఫైలు మీద సంతకం పెట్టాడన్నదీ అంతే నిజం. హాస్టల్ పిల్లల్ని కొండలెక్కించడం ఏ పద్దు కింద వస్తుందో ఎవరైనా అడిగే ఉంటారు. ఆటగత్తెలే కుర్చీల్లోకి రావడం ఇప్పుడిప్పుడే మొదలైంది. సిడ్నీలో 2000లో కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిని 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్‌గా వేశారు. శ్రీకాకుళం జిల్లా పిల్ల ఒక విశ్వవిద్యాలయానికి అధిపతి అయింది. 2022 డిసెంబరులో పి.టి. ఉష భారత ఒలింపిక్ సంఘానికి అధ్యక్షురాలైంది. ఆ సంఘం పుట్టి తొంభై ఏళ్లు దాటాక.

అయితే పైన ఒక పేరు మారినంత మాత్రాన కింద బల్లలు మారవు. ఉష అధ్యక్షురాలైన నెలకే, 2023 జనవరిలో, రెజ్లర్లు ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ప్రతి సంస్థలోనూ ఉండాలని 2013లోనే చట్టం వచ్చింది. పదేళ్ల తర్వాత చూస్తే దేశంలోని క్రీడా సమాఖ్యల్లో దాదాపు సగం వాటిలో ఆ కమిటీ సరిగా లేదని బయటపడి మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. కమిటీ వెయ్యడానికి ఎంత డబ్బు కావాలి? ఒక కాగితం, నాలుగు పేర్లు. తప్పు చేసినవాడు ఒకడైతే, వాడి గురించి చెప్పుకునే చోటు లేకుండా చేసినవాళ్లు చాలామంది. వాళ్లు ఏ తప్పూ చెయ్యలేదు, ఊరికే ఏమీ చెయ్యలేదు.

అమెరికాలో స్థిరపడ్డ మా పిన్ని కూతురు ఈ విషయం ఎత్తితే, మా దగ్గర చట్టం ఉంది అంటుంది. ఉంది. 1972లో వచ్చిన టైటిల్ నైన్. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థలో ఆడ మగ తేడా చూపించకూడదు. దానివల్ల కాలేజీల్లో ఆడే అమ్మాయిల సంఖ్య అనేక రెట్లు పెరిగింది. కానీ దానిలో ఒక చేదు ఉంది. 1972లో ఆడపిల్లల క్రీడా విభాగాల్లో నూటికి తొంభైకి పైగా ఆడవాళ్ల చేతుల్లో ఉండేవి. చిన్న విభాగాలు, డబ్బులేనివి, ఎవరికీ పట్టనివి. చట్టం వచ్చి డబ్బు రావడంతో మగపిల్లల విభాగంతో కలిపేశారు. కలిపిన విభాగానికి అధిపతి సహజంగానే మగాయన. ఆడవాళ్లు తమకోసం 1971లో పెట్టుకున్న సొంత సంఘం పదేళ్లు గడిచాక మూతపడింది. పోటీలని మగవాళ్ల పాత సంఘమే తీసుకుంది. 2014 నాటి లెక్కలో కాలేజీ క్రీడా విభాగాల అధిపతుల్లో ఆడవాళ్లు అయిదో వంతుకి కాస్త ఎక్కువ. బరిలో ఆడపిల్లలు పెరిగారు, బల్ల దగ్గర తగ్గారు. అది విన్నాక ఒమాన్‌లో 2008లో కూర్చుని రాసుకున్న ఆ ఒక్క పేజీలో పాలన అన్న మాట ఎందుకు పట్టుబట్టి పెట్టారో నాకు ఇంకొంచెం అర్థమైంది.

తల మీద గుడ్డ సంగతి కూడా ఆఫీసు సంగతే. 2011 జూన్‌లో అమ్మాన్‌లో ఇరాన్ అమ్మాయిలు ఒలింపిక్ అర్హత ఫుట్‌బాల్ ఆటకి మైదానంలోకి వచ్చాక, తల కప్పుకున్నారని ఆడనివ్వలేదు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ అమ్మాయిలు బాస్కెట్‌బాల్‌లో అదే కారణంతో ఆడకుండా వెనుదిరిగారు. ఫుట్‌బాల్ వాళ్లు ఆ ఏడాదే నియమం సడలించారు, బాస్కెట్‌బాల్ వాళ్లకి 2017 దాకా పట్టింది. ఒకచోట తల కప్పుకుంటే ఆడనివ్వరు, ఇంకోచోట కప్పుకోకపోతే పంపరు. రెండుచోట్లా రాసి ఉన్నది 'వాళ్ల క్షేమం కోసమే' అని. ఈ క్షేమం మాట వినగానే నేనిప్పుడు ఫైలు మొదటి పేజీ నుంచీ చదువుతాను.

ఇక్కడి మన పిల్లల సంగతీ ఒక మాట. 2020 ఫిబ్రవరిలో జర్మనీ మహిళల క్రికెట్ జట్టు మస్కట్ వచ్చి అమెరాత్ మైదానంలో ఒమాన్‌తో ఆడింది. ఒమాన్ జట్టులో ఎక్కువమంది భారతదేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లే. ఆఫీసు పని ముగించుకుని సాయంత్రం ప్రాక్టీసు చేసే ఆడవాళ్లు. అయినా మన తెలుగు ఇళ్లలో తొమ్మిదో తరగతి దాటిన అమ్మాయిని ఆటకి పంపమంటే, 'అంత ఎండలో ఎందుకమ్మా, ఐఐటీ ఫౌండేషన్ ఉంది' అంటారు. ఆ ఎండలో నాన్న సైటు మీద పనిచేస్తూనే ఉంటాడు. వలీ అమ్ర్ కాగితం మనకి లేదని మనం అనుకుంటాం గానీ, ఉంది. దానిమీద సంతకం ఇంకా పెట్టలేదు.

నిజ్వా వెళ్లలేకపోయిన అమ్మాయి ఆ ఏడాదే డిగ్రీ అయిపోయి వెళ్లిపోయింది. కొత్త గీత ఆమెకి పనికిరాలేదు. పోయిన చలికాలంలో ఏదో సర్టిఫికెట్టు నకలు కావాలని వచ్చింది. సోహార్‌లో బ్యాంకులో చేస్తోందట. పెళ్లయింది. వాలీబాల్ ఆడుతున్నావా అంటే నవ్వి, ఆడవాళ్లకి అక్కడ హాలు వారానికి ఒకరోజే ఇస్తారు, అదీ తను బ్యాంకులో ఉండే గంటలు అంది. గంటలు మార్చమని అడగడానికి ఎవరికి రాయాలో చెప్పమంది. నాకు తెలియదన్నాను, కనుక్కుంటానన్నాను. మా ముదీరాకి సోహార్‌లో ఒక మేనత్త కూతురు ఉంది, పురపాలక కార్యాలయంలో. మొన్న ఆదివారం వాళ్లిద్దరూ ఫోన్లో గంటసేపు మాట్లాడుకున్నారు. ఎవరి అత్తగారిది ఏ ఊరు, ఎవరి తాత ఎవరికి బంధువు. ఇంకా హాలు మాట దాకా రాలేదు.